బందరు డచ్ సమాధులపై అర పేజీ కథనం: ఎవరిని ఏమడగాలి?

ప్రశ్న – బందరు కంట్రిబ్యూటర్
మచిలీపట్నంలోని డచ్ శ్మశానవాటిక గురించి జిల్లా పేజీల్లో నేను చదివిన వార్తలు చాలావరకు ఒకే మూసలో ఉన్నాయి: పిచ్చిమొక్కలు, తుప్పుపట్టిన గేటు, ‘పట్టించుకోని అధికారులు’. వంశచిహ్నాలు, ఉబ్బెత్తు అక్షరాలు చెక్కిన ఆ రాతి పలకలను కాపాడే పని అసలు ఎలా జరగాలో వాటిలో ఉండదు. ఈసారి నాకు అర పేజీ ఇస్తామన్నారు. అనుభవజ్ఞులు దారి చూపగలరు.

పాత సబ్‌ఎడిటర్
హైదరాబాదు కుతుబ్‌షాహీ సమాధుల విషయంలోనూ ఇదే తంతు. 2013 వానలకు ఆ ప్రాంగణంలోని బడీ బావి (మెట్ల బావి) గోడ కూలితే వార్త, 2024 జూలైలో ముఖ్యమంత్రి వచ్చి వారసత్వ ఉద్యానాన్ని ప్రారంభిస్తే వార్త. నడుమ పదేళ్లపాటు ఆగాఖాన్ ట్రస్టు పనివారు పాత మరమ్మతుల సిమెంటును తొలగించి సున్నంతో చేసిన పనికి మాత్రం అంత చోటు దక్కలేదు. ప్రారంభోత్సవానికి ఫొటో ఉంటుంది, గానుగలో రుబ్బిన సున్నానికి ఏముంటుంది అనేది పత్రిక డెస్కు లెక్క. మీరు ఆ లెక్కను పక్కన పెట్టండి.

సున్నం పని పర్యవేక్షకుడు
రాళ్ల అతుకుల్లో ఏం నింపారో మొదట చూడండి. సిమెంటు చెమ్మను బయటికి పోనివ్వదు. ఆ చెమ్మ రాతిగుండానే వెళ్లి, లోపలి ఉప్పు తెల్లగా పైకి తేలి, అక్షరాల అంచులు పొరలుగా రాలిపోతాయి. సముద్రం దగ్గరి ఊరు కనుక ఈ బెడద మరీ ఎక్కువ. ఇక ‘మొక్కలు తొలగించాం’ అని ఫొటో ఇస్తే నమ్మకండి. రావి మొక్కను పైపైన నరికితే వేరు అతుకులోనే ఉండి మళ్లీ చిగురిస్తుంది. వేరును ఏం చేశారని అడగండి.

బందరు వాసి
కుతుబ్‌షాహీ సమాధులు రాష్ట్ర శాఖ పరిధిలోనివి; మనది కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం. మున్సిపాలిటీ వారిని నిలదీసే కథనాలు అందుకే ఎటూ తేలవు. ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిషిద్ధ హద్దులో పాత ఇంటి మరమ్మతుకు కూడా అనుమతి కావాలి. ఆ దరఖాస్తు ఎవరికి పెట్టాలో, ఏ కాగితాలు జతచేయాలో కథనం పక్కన ఒక బాక్సుగా వేయండి. చుట్టుపక్కల ఇళ్లవారు కథనంలో ముందుగా చదివేది అదే.