పిల్లల చిత్రకళా క్లబ్బులో నమూనా బొమ్మ పెట్టాలా, వద్దా?

రంగులపళ్లెం (చర్చ ప్రారంభించినవారు)
అందరికీ నమస్కారం. ఐదేళ్ల నుంచి పదేళ్ల వరకు వయసున్న పిల్లల కోసం వారానికి ఒకసారి మా ఇంట్లోనే చిత్రకళా క్లబ్బు మొదలుపెట్టబోతున్నాను. నేను చిత్రకళ చదువుకున్నదాన్ని కాను, ఒక తల్లిని మాత్రమే. పోస్టర్ రంగులు, మైనపు క్రేయాన్లు, దళసరి కాగితం, బట్టల మీద వేసుకోవడానికి పాత చొక్కాలు సిద్ధం చేసుకున్నాను. అయితే పిల్లల్ని పంపుతామన్న తల్లిదండ్రుల్లో చాలామంది ప్రతివారం ఒక నమూనా బొమ్మ ముందు పెట్టమని, దాన్ని చూసి వేస్తే ఇంటికి తెచ్చింది చూడముచ్చటగా ఉంటుందని అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు, కాని కాదనడానికి సరైన కారణం చెప్పలేకపోతున్నాను. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

నీటిరంగు
దయచేసి పెట్టవద్దు. పాఠశాలల్లో చిత్రలేఖనమంటే అచ్చు బొమ్మలను చూసి యథాతథంగా దించడమే అనుకునే రోజుల్లో, 1897లో, ఆస్ట్రియా చిత్రకారుడు ఫ్రాంజ్ చిజెక్ వియన్నాలో పిల్లల కోసం ప్రత్యేకంగా కళాతరగతి ప్రారంభించి, వాళ్లను తమ ఊహతో వేసుకోనిచ్చారు. ఇన్నేళ్ల తర్వాత మనం మళ్లీ దించుడు పనికి వెళ్లడం అన్యాయం. నమూనా ఎదురుగా ఉంటే పిల్లవాడు తన కాగితాన్ని కాక దాన్నే చూస్తాడు, తేడా కనిపించిన ప్రతిచోటా తాను తప్పు చేశాననుకుంటాడు. నా చిన్నతనంలో నేను వేసిన కాకికి కాళ్లు వంకరగా ఉన్నాయని మా డ్రాయింగు మాస్టారు నా చేతిలోని కుంచె తీసుకుని, నా గీత మీదే తడి నల్లరంగుతో మరో కాకిని వేశారు. ఆ బొమ్మకు బహుమతి వచ్చింది, అందరూ నన్ను మెచ్చుకున్నారు, ఆ కాకి నాది కాదని మాత్రం ఎవరికీ చెప్పలేకపోయాను.

పెన్సిల్‌మొన
నీటిరంగు గారూ, మీకు జరిగింది అన్యాయమే. కాని అది నమూనా వల్ల జరిగింది కాదు, మాస్టారు మీ కాగితాన్ని ముట్టుకోవడం వల్ల జరిగింది. ఈ రెండూ ఒకటి కావు. పైగా చిజెక్ తరగతిలో పిల్లలు నేల మీద పరిచే లినోలియం పలకను చెక్కి అచ్చులు తీశారు. ఉలిని ఒంటి వైపు కాక అవతలికి తోయాలని, పలకను పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనుకే ఉండాలని చెప్పకుండా ఆ పని పిల్లల చేత చేయించడం సాధ్యమా? అక్కడ వచ్చిన బొమ్మలు చాలావరకు ఒకే శైలిలో ఉన్నాయని విమర్శకులు ఆనాడే అన్నారు కూడా. అంటే, చెప్పకుండానే ఏదో నేర్పుతున్నారన్న మాట. నేర్పేదేదో పైకి చెప్పి నేర్పడమే నిజాయితీ.

గోడగడియారం
నమూనా సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు రంగుల డబ్బా మీద పిల్లల వాడకానికి తగినదని రాసి ఉందో లేదో చూడండి. పెద్ద చిత్రకారులు వాడే కొన్ని రంగుల్లో కాడ్మియం, సీసం వంటివి ఉంటాయి, మిగిలిపోయాయి కదా అని వాటిని పిల్లలకు ఇవ్వకూడదు.

నీటిరంగు
పెన్సిల్‌మొన గారూ, ఉలి పట్టుకోవడం చూపవద్దని నేను అనలేదు. ఆకుపచ్చ కావాలంటే ముందు పసుపు తీసుకుని దానిలో నీలం కొంచెం కొంచెంగా కలపాలని, క్రేయానుతో గీసిన చోట నీళ్ల రంగు అంటుకోదని, కుంచెను కడిగి గుడ్డకు అద్ది మరో రంగులో ముంచాలని తప్పకుండా చూపాలి. అవి పనిముట్ల సంగతులు. చెట్టు ఇలా ఉండాలి, ఇల్లు ఇలా ఉండాలి అని రూపం చూపడం వేరు.

పెన్సిల్‌మొన
ఆ గీత ఎక్కడ గీస్తారో చెప్పండి. పక్క నుంచి చూసినప్పుడు గుండ్రంగా కనిపించే సైకిలు చక్రం, ఏటవాలుగా చూసినప్పుడు సన్నటి దీర్ఘవృత్తంగా కనిపిస్తుంది. ఇది పిల్లలకు చూపడం పనిముట్టు సంగతా, రూపం సంగతా?

నీటిరంగు
రూపం సంగతే. పిల్లవాణ్ణి సైకిలును ఏటవాలుగా నిలబెట్టి చూడమనండి, తానే కనుక్కుంటాడు. చక్రం గీసి చూపితే చక్రాన్ని చూడటం మానేసి మీ గీతను దించుకుంటాడు.

పెన్సిల్‌మొన
చక్రం గుండ్రమని తెలిసిన పిల్లవాడు, ఎంతసేపు చూసినా తనకు తెలిసిందే వేస్తాడు. కళ్లకు కనిపించేదీ మనసుకు తెలిసినదీ వేరని ఎవరో ఒకరు చూపాలి. అది దించుడు కాదు, చూడటం నేర్పడం.

అట్టముక్క
బహుమతులు పెడతారా? 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు, బొమ్మలు వేస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పి చిన్నపిల్లల చేత బొమ్మలు వేయించారు. ఆ పిల్లలు తర్వాత ఖాళీ సమయంలో మిగతావాళ్లతో పోలిస్తే సగం సేపే బొమ్మలు వేశారు. ముందు చెప్పకుండా పత్రం ఇచ్చిన పిల్లల్లో మాత్రం ఆసక్తి తగ్గలేదు.

రంగులపళ్లెం
బహుమతులు ఉండవు. మీ ఇద్దరి వాదనలూ చదువుతున్నాను, కాని ఈ చక్రం దగ్గరే ఆగిపోతే నేను తల్లిదండ్రులకు ఏం చెప్పాలో తేలడం లేదు.

పెన్సిల్‌మొన
ఆగిపోవడానికి కారణం ఉంది. మా అమ్మాయిని ఇలాంటి స్వేచ్ఛాయుతమైన క్లబ్బుకే పంపాను. తొమ్మిదేళ్లు నిండాక ఒకరోజు తన సైకిలు వెయ్యాలనుకుంది. ముందరి చక్రం సరిగా రాలేదు. చెరిపింది, మళ్లీ గీసింది, మళ్లీ చెరిపింది, చివరకు అక్కడ కాగితం పలచబడి చిరిగింది. ‘ఇది ఎలా వెయ్యాలి?’ అని అడిగితే, నడిపే ఆవిడ ‘ఎలా వేసినా బాగుంటుంది, నీకు తోచినట్టు వెయ్యి’ అన్నారట. తనకు తోచినట్టు రావడం లేదనే కదా ఆ పిల్ల అడిగింది! ఇంటికి వచ్చి, తనకు బొమ్మలు రావని చెప్పి పెన్సిళ్ల డబ్బా తమ్ముడికి ఇచ్చేసింది. మీకు వంకర చక్రం ముచ్చటగా కనిపిస్తుంది నీటిరంగు గారూ, ఎందుకంటే పిల్లల బొమ్మ పిల్లల బొమ్మలా ఉండటం పెద్దలకు ఇష్టం. ఆ ఇష్టం కోసం పిల్లను నేర్చుకోనివ్వకపోవడం కూడా దౌర్జన్యమే.

నీటిరంగు
దౌర్జన్యమన్న మాట చాలా పెద్దది. చక్కటి బొమ్మ ఇంటికి రావాలని పట్టుబడుతున్నది చుట్టాలకు చూపించుకోవాలనుకునే తల్లిదండ్రులు, నేను కాదు. ఐదేళ్ల పిల్ల ఇల్లు వేసి, వాన పడిందని దాని మీద కాగితమంతా నీలం పులిమితే, ‘అయ్యో, పాడుచేశావా!’ అని కాగితం లాక్కునేది వాళ్లే. ఆ నీలం కింద ఇల్లు ఉందని ఆ పిల్లకు తెలుసు. దానిని కాపాడటానికే నేను వాదిస్తున్నాను.

పెన్సిల్‌మొన
కాపాడండి. నేను చుట్టాల కోసం అడగడం లేదు. తనకు రావడం లేదని పిల్ల తన నోటితో చెప్పినప్పుడు ఆ మాటకు విలువ ఇస్తారా, లేక ఆ పిల్లకు ఏది మంచిదో మీకే బాగా తెలుసంటారా? నేను మొదటి నుంచి అడగాలనుకున్నది ఇదే.

దారపుండ
పిల్లల బొమ్మలు వయసుతో ఎలా మారతాయో కళావిద్యావేత్త లోవెన్‌ఫెల్డ్ 1947లో వివరించిన దశలు ఇక్కడ పనికివస్తాయి. రమారమి నాలుగు నుంచి ఏడేళ్ల మధ్య పిల్లలు తమకు ముఖ్యమనిపించినదాన్ని పెద్దదిగా వేస్తారు, ఏడు దాటాక అన్నింటినీ ఒక నేలగీత మీద నిలబెడతారు, తొమ్మిది దాటాక అది నిజంలా లేదని తమ బొమ్మ మీద తామే అసంతృప్తి పడతారు. నీటిరంగు గారు ఐదేళ్ల పిల్ల గురించి, పెన్సిల్‌మొన గారు తొమ్మిదేళ్లు దాటిన పిల్ల గురించి మాట్లాడుతున్నారు.

నీటిరంగు
వయసు ఒక్కటే అయితే నేను ఒప్పుకునేదాన్ని. కాని ‘రావడం లేదు, మీరే వేసివ్వండి’ అని ఐదేళ్ల పిల్లలు కూడా అంటారు, ముఖ్యంగా ఇంట్లో వేసి ఇచ్చే పెద్దలు ఉన్నవాళ్లు. ఆ మాటకు ప్రతిసారీ లొంగితే పిల్లలు గీయడం మానేసి అడగడం నేర్చుకుంటారు. అడిగిన మాట వినాలి, నిజమే, కాని వెంటనే చేతికి పెన్సిలు తీసుకోవడం వినడం కాదు. ‘ఎక్కడ ఆగిపోయావు?’ అని అడగాలి.

రంగులపళ్లెం
నాకు కావలసింది ఈ ప్రశ్నలో దొరికింది. తల్లిదండ్రులకు నమూనా బొమ్మ ఉండదని స్పష్టంగా చెబుతాను. ఇంటికి వచ్చిన బొమ్మను చూసి ఇదేమిటని అడగకుండా, దీని గురించి చెప్పమని అడగండని కోరతాను. ఏడేళ్ల లోపువాళ్లకు ఒక బల్ల, పైవాళ్లకు మరో బల్ల వేస్తాను. పెద్దపిల్లలు ఎక్కడ ఆగిపోయారో చెప్పి అడిగితే, ముందు వస్తువును తెచ్చి చూపి, అప్పటికీ అందకపోతే విడి కాగితం మీద గీసి చూపిస్తాను. పిల్లల కాగితాన్ని మాత్రం ముట్టుకోను.

నీటిరంగు
అయితే చూపిన వెంటనే ఆ విడి కాగితాన్ని తీసేయండి. బల్ల మీద వదిలేస్తే మిగతా పిల్లలందరికీ అదే నమూనా అవుతుంది.

పెన్సిల్‌మొన
తీసేయడానికి నేను ఒప్పుకోను. ఒకసారి చూసినంత మాత్రాన ఎవరికీ చక్రం రాదు. అడిగిన పిల్లకే ఆ కాగితం ఇవ్వండి, తన అట్టలో దాచుకుని కావలసినప్పుడు తీసి చూసుకుంటుంది.