మూంక్ బొమ్మలో ఉన్నది భయమా, దుఃఖమా? దానికి తెలుగులో ఏ పేరు తగును?

చిత్రకళ తెలిసిన పెద్దలకు నమస్కారం. నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ మూంక్ 1893లో అట్టపై వేసిన ‘స్క్రీక్’ (ఇంగ్లీషులో ‘ది స్క్రీమ్’; వంతెన మీద చేతులు చెవులకు ఆనించి నోరు తెరిచిన మనిషి బొమ్మ) గురించి తెలుగులో వ్యాసం రాయబోయి, పేరు దగ్గరే ఆగిపోయాను. ‘కేక’ అందామంటే నేటి వాడుకలో అది మెచ్చుకోలు మాటగా మారిపోయింది. ‘ఆర్తనాదం’ అంటే, ఆ నాదం వంతెన మీది మనిషిదేనని తేల్చేసినట్టవుతుంది.

సూర్యాస్తమయ వేళ ఇద్దరు మిత్రులతో నడుస్తుండగా ఆకాశం నెత్తురులా ఎర్రబడిందనీ, ప్రకృతిలోంచి సాగిన ఒక అరుపు తనను తాకిందనీ మూంక్ రాసుకున్నాడు. అది తెలిసి చూస్తే, ఆ మనిషి అరుస్తున్నట్టు కాక, వినలేక చెవులు మూసుకున్నట్టే నాకు తోస్తుంది. వెనకనున్న ఇద్దరికి మాత్రం ఏమీ పట్టినట్టు లేదు.

అసలు సందేహం వేరే ఉంది. క్షయతో పదిహేనేళ్లకే పోయిన అక్క సోఫీ జ్ఞాపకంతో ఆయన 1885–86లో ‘జబ్బుపడిన పిల్ల’ వేశాడు. దిండుకు ఆనుకున్న ఎర్రజుట్టు పిల్ల, పక్కన ముఖం కనబడనంతగా తల వంచేసిన స్త్రీ, రంగును పదేపదే గీకి మళ్లీ పూసిన చారలు. ఇదే బొమ్మను ఆయన దశాబ్దాల పాటు మళ్లీమళ్లీ వేశాడు. ఆ దుఃఖమే ముదిరి ‘స్క్రీక్’లో భయంగా మారిందని రాయవచ్చునా, లేక అది జీవితచరిత్రను బలవంతంగా బొమ్మకు అంటగట్టడమే అవుతుందా? రంగులు, గీతల ఆధారంగా వివరించి, తగిన తెలుగు పేరు కూడా సూచించగలరని మనవి.