డీఅడిక్షన్ సెంటర్ ఫైలు ఎవరెవరు అడగొచ్చు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా తమ్ముడికి మందు అలవాటు ముదిరితే విజయవాడలో ఒక డీఅడిక్షన్ సెంటర్లో చేర్పించాం. నెల ఉండి వచ్చాడు, ఇప్పుడు ముట్టుకోవట్లేదు. నా టెన్షన్ వేరు. ఆ నెల సెలవు కోసం ఆఫీసు వాళ్ళు డిశ్చార్జ్ సమ్మరీ తెమ్మంటున్నారు. అందులో మొదటి లైన్లోనే ఆల్కహాల్ అని ఉంది. పైగా, తమ్ముడికి పెళ్ళి సంబంధం మాట్లాడుతున్న వాళ్ళ తరఫు మనిషి ఒకాయన "ఆ సెంటర్లో మావాడు పనిచేస్తాడు, కనుక్కుంటాం" అన్నాడట. అడిగితే చెప్పేస్తారా?

జవాబు (గతంలో కౌన్సెలర్‌గా చేసిన సభ్యురాలు):
చెప్పకూడదమ్మా. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అడ్డుంటుంది. "మావాడికి పిచ్చి లేదుగా, ఆ చట్టం మాకెందుకు" అంటారు చాలామంది. మందు, డ్రగ్స్ వాడకంతో వచ్చే మానసిక సమస్యలు కూడా ఆ చట్టం నిర్వచనంలోనే ఉన్నాయి. 23వ సెక్షన్ ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాల్సిందే. మినహాయింపులు కొన్నే: వైద్యం చేస్తున్న ఇతర డాక్టర్లు, నామినేటెడ్ రిప్రజెంటేటివ్ (రోగి తరఫున చూసుకునే ప్రతినిధి), ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉన్నప్పుడు అవసరమైనంత మేరకు, ప్రజా భద్రత కోసం, ఇంకా హైకోర్టు, సుప్రీంకోర్టు, మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డు (ఈ చట్టం కింద ఫిర్యాదులు వినే బోర్డు) లాంటి వాటి ఆదేశం ఉంటే. పెళ్ళిచూపుల వాళ్ళు ఈ లిస్టులో ఎక్కడా లేరు!

ఆఫీసుకి డిశ్చార్జ్ సమ్మరీ ఇవ్వకండి. "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మా దగ్గర చికిత్స పొందారు, ఇప్పుడు డ్యూటీకి ఫిట్" అని డాక్టర్‌తో సర్టిఫికెట్ రాయించుకోండి. ముందు లెటర్‌హెడ్ చూడండి. పైన పెద్దక్షరాలతో డీఅడిక్షన్ అని ఉంటే కింద ఏం రాసినా లాభం లేదు. డాక్టర్ సొంత లెటర్‌హెడ్ మీద అడగండి. ఆఫీసు వాళ్ళు ఇంకా వివరాలు కావాలంటే మీ తమ్ముడి సమ్మతి కావాలి, మీది కాదు.

ప్రశ్న అడిగినవారు:
చేర్చేటప్పుడు నాన్న సంతకం పెట్టారు మేడమ్. మరి మా బాబాయి కూడా ఫోన్ చేసి అడుగుతున్నాడు?

జవాబు:
సంతకం పెట్టినంత మాత్రాన నాన్నగారు నామినేటెడ్ రిప్రజెంటేటివ్ అయిపోరు. మీ తమ్ముడు తన ప్రతినిధిగా ఎవరినైనా రాసిచ్చాడేమో చూడండి; ఎవరినీ రాసివ్వకపోతే బంధువు ఒకరిని ఆ ప్రతినిధిగా చట్టం లెక్కిస్తుంది. ప్రతినిధి ఎవరైనా, ఆ బాధ్యతకి కావలసిన మేరకే సమాచారం. ప్రతినిధి కాని బాబాయిగారికి అంటే కుదరదు. ఫొటోలు కూడా అంతే, సమ్మతి లేకుండా మీడియాకి ఇవ్వకూడదని 24వ సెక్షన్. తన రికార్డు తాను చూసుకునే హక్కు మాత్రం మీ తమ్ముడికి 25 కింద ఉంది.

ఆ సెంటర్లో ఉన్న "మావాడు" నోరు జారితే ముందు అక్కడి ఇన్‌ఛార్జ్ డాక్టర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, తేలకపోతే రివ్యూ బోర్డుకి. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారికి 6 నెలల వరకు జైలు, లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. అయితే ఒక మాట, కోపం తెచ్చుకోకండి. నేను పనిచేసిన రోజుల్లో విషయం బయటికి పొక్కింది ఫైలు నుంచి కాదు, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు నుంచి.

మరో సభ్యుడు:
గంజాయి కేసుల్లో కూడా ఇంతేనా అండీ? సెంటర్లో చేరితే పోలీసులకి తెలిసిపోతుందని మా ఫ్రెండ్ భయపడుతున్నాడు.

జవాబు:
గోప్యత అతనికీ అంతే. పైగా ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం 64ఏ సెక్షన్ ఉంది. వాడకం లేదా చిన్న మోతాదు కేసు ఎదుర్కొంటున్న, మత్తుకి బానిసైన వ్యక్తి తనంతట తాను ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వస్తే ఆ కేసు నుంచి రక్షణ దొరుకుతుంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. పెద్ద మోతాదు కేసైతే వర్తించదు. ముందు 14446కి ఫోన్ చేయమనండి, డీఅడిక్షన్ హెల్ప్‌లైన్, ఉచితమే.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ మేడమ్. డాక్టర్‌గారు తన లెటర్‌హెడ్ మీద రాసిస్తానన్నారు. పెళ్ళివాళ్ళ మధ్యవర్తికి కాకుండా ఆ అమ్మాయికే నేరుగా చెప్తానంటున్నాడు తమ్ముడు. అమ్మ మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.