అప్‌డేట్: జంక్ తెరచాపను తీసేయలేదు

సౌతాంప్టన్ దగ్గర నేను కొన్న పాత 25 అడుగుల పడవకు చైనా పద్ధతి జంక్ తెరచాప (అడ్డంగా బద్దలు కట్టిన, మడతలుగా ముడుచుకునే తెరచాప) ఉందనీ, రేవులో అందరూ నవ్వుతున్నారనీ, దాన్ని తీసి మామూలు త్రికోణపు తెరచాపలు పెట్టించాలా అనీ వసంతకాలంలో మిమ్మల్ని ఇక్కడ అడిగాను. పెట్టించలేదు.

పోయిన నెల సోలెంట్ జలసంధిలో గాలి ఒక్కసారిగా పెరిగింది. పక్క పడవలో ఇద్దరు ముందుకు పాకి, తెరచాపతో కుస్తీ పడుతున్నారు. నేను కూర్చున్నచోటే తాడు వదిలాను. అడ్డబద్దల బరువుకు తెరచాప రెండు మడతలు దానంతటదే దిగింది. చేతిలో టీ ఒలకలేదు. (సరే, కొంచెం ఒలికింది.)

నా పడవకు 'విసనకర్ర' అని పేరు పెట్టిన పెద్దమనిషి ఆ పక్క పడవలోనే ఉన్నాడు. సాయంత్రం వచ్చి, ఏ తాడు ఎక్కడికి పోతుందో గంటసేపు అడిగాడు. 1960లో జరిగిన, ఒంటరిగా అట్లాంటిక్ దాటే మొదటి పడవ పందెంలో బ్రిటిష్ నావికుడు హాస్లర్ ఇలాంటి తెరచాపతోనే 48 రోజుల్లో రెండో స్థానంలో వచ్చాడని చెప్పాను. ఆయన పడవా 25 అడుగులదే. పేరు జెస్టర్, అంటే విదూషకుడు! నవ్వేవాళ్లకు ముందే జవాబు చెప్పినట్టుంది.

ఎదురుగాలికి మాత్రం అందరికన్నా వెనకబడుతున్నాను. అది మీరు ముందే హెచ్చరించారు.

కాకినాడ నుంచి అమ్మ వీడియోలో చూసి, "కిటికీ పరదా కట్టుకుని సముద్రంలోకి వెళ్తున్నావా నాన్నా?" అంది. ఆమెకు హాస్లర్ కథ పనిచేయలేదు.