అప్‌డేట్: మూడో గేర్ దానంతటదే జారిపోయే సమస్య తీరింది

దేవరకొండ నుంచి నల్గొండ వస్తుంటే, యాక్సిలరేటర్ వదలగానే నా పాత డీజిల్ కారు మూడో గేర్ జారి న్యూట్రల్‌లో పడుతోందని అడిగాను కదా, తీరింది. సలహాలిచ్చిన అన్నలందరికీ చాలా థాంక్స్.

క్లచ్ ప్లేట్‌కు దీంతో సంబంధం లేదు, అనవసరంగా మార్పించాను. గేర్ ఆయిల్ మార్చినా తేడా రాలేదు. ముందు ఇంజిన్ మౌంట్లు (ఇంజిన్‌ను బండికి పట్టి ఉంచే దిమ్మెలు), గేర్ కేబుల్ చూపించమన్న సలహా మంచిదే, ఖర్చు తక్కువ. నా బండిలో మాత్రం అవి బాగానే ఉన్నాయి.

మిర్యాలగూడలో మెకానిక్ గేర్‌బాక్స్ విప్పితే అసలు సంగతి తెలిసింది. గేర్ వేసినప్పుడు స్లీవ్ అనే రింగ్ జరిగి గేర్‌ను పట్టుకుంటుంది. మూడో గేర్‌ను అది పట్టుకునే చిన్న పళ్ల అంచులు అరిగి గుండ్రంగా అయ్యాయి. స్లీవ్, దాన్ని జరిపే ఫోర్క్ కూడా అరిగాయి. గేర్, స్లీవ్, ఫోర్క్ మూడూ మార్చాడు. గేర్ రాడ్ మీద చెయ్యి పెట్టి నడుపుతారా అని అడిగాడు. అవును, ఎప్పటి నుంచో అలవాటు. ఆ బరువుకు ఫోర్క్ స్లీవ్‌ను ఒత్తుకుంటూ అరుగుతుందట. నిన్న డిండి దాకా పోయి వచ్చాను, ఒక్కసారి కూడా జారలేదు.