ల్యాబ్ రౌండ్‌కి ఇద్దరి టీమ్: ఒకరు చేసి ఒకరు రాయాలా, ఇద్దరూ అన్నీ నేర్చుకోవాలా?

సందేహాలపుట్ట:
సైన్స్ పోటీలో మాది ఇద్దరి టీమ్. ల్యాబ్ రౌండ్‌లో ఒక టైట్రేషన్ (ఒక ద్రావణాన్ని చుక్కలుగా కలుపుతూ ఇంకోదాని గాఢత తేల్చడం), ఆ తర్వాత పేరు చెప్పకుండా ఇచ్చే తెల్ల పొడులు ఏవో కనిపెట్టడం ఉంటాయి. మా సార్ ఇప్పటికే పని పంచేశారు. గ్లాస్‌వేర్ అంతా మా ఫ్రెండ్ చూసుకోవాలి, రీడింగులు, లెక్కలు, రిపోర్టు నావి. అలా అయితే స్పీడ్ వస్తుందంటారు. నాకేమో బ్యూరెట్ (ద్రావణం కొలిచి వదిలే గీతల గాజు గొట్టం) ముట్టుకోకుండానే పోటీకి వెళ్తానేమోనని టెన్షన్. ఇంతకుముందు ఇలాంటి వాటికి వెళ్ళినవాళ్ళు చెప్పండి, ఏ పద్ధతి నయం?

బ్యూరెట్‌బాబాయ్:
మీ సార్ చెప్పిందే కరెక్ట్. చాలా ఏళ్ళుగా పిల్లల్ని ఈ పోటీలకి తయారుచేస్తున్నాను కాబట్టి చెప్తున్నా. టైట్రేషన్‌లో ఎండ్ పాయింట్, అంటే రంగు మారి ఆపాల్సిన చోటు, చూసే కన్ను ఒకటే ఉండాలి. ఫినాఫ్తలీన్ అనే సూచిక వేసినప్పుడు లేత గులాబీ రంగు కనబడగానే ఒకరు ఆపేస్తారు, ఇంకొకరికి అది ఇంకాస్త ముదిరితే గానీ నమ్మకం కుదరదు. ముందు సోడియం హైడ్రాక్సైడ్ గాఢత తేల్చిన మనిషే తర్వాత తెలియని ఆమ్లాన్ని కూడా చేస్తే, ఆ కంటి తేడా రెండు చోట్లా ఒకేలా పడి చాలావరకు రద్దవుతుంది. మధ్యలో చేతులు మారిస్తే ఆ లాభం పోతుంది. స్పీడ్ సంగతి సరేసరి.

నీలిలిట్మస్:
కంటి సంగతి ఒప్పుకుంటా. పోటీ రోజు టైట్రేషన్ మొదటినుంచి చివరిదాకా ఒక్కరే చేయనివ్వండి. కానీ ఈ పిల్ల అడిగింది తయారీ గురించి కదా! పక్కన కూర్చుని రాసేవాళ్ళకి బ్యూరెట్ అలవాటు లేకపోతే, జెట్‌లో, అంటే కింది సన్న మూతిలో, గాలి బుడగ ఉండిపోయిందని ఎవరు చూస్తారు? అది మధ్యలో బయటికి పోయిందంటే ఆ కాస్త ఘనపరిమాణమూ రీడింగులో చేరిపోతుంది, లెక్క ఎంత బాగా చేసినా వృథా. పైన ఫన్నెల్ అలాగే వదిలేసి టైట్రేట్ చేస్తుంటే ఎవరు ఆపుతారు?

పొడుల దగ్గరైతే ఇంకా కష్టం. బేకింగ్ సోడా, వాషింగ్ సోడా రెండూ ఆమ్లం పడగానే బుసబుసా పొంగుతాయి. నీళ్ళలో కరిగించి ఫినాఫ్తలీన్ వేస్తే వాషింగ్ సోడా ముదురు గులాబీ, బేకింగ్ సోడా మహా అయితే లేతగా. చేత్తో ఒకసారి చేసినవాళ్ళకి ఆ తేడా కళ్ళలో ఉండిపోతుంది. రాసినవాళ్ళ నోట్సులో "గులాబీ రంగు" అని మాత్రమే ఉంటుంది.

గట్టుమీదకప్ప:
చేసేవాడికి ఆ రోజు జ్వరమొస్తే?

బ్యూరెట్‌బాబాయ్:
జ్వరాలు, తుఫానులు అన్నీ లెక్కేసుకుంటూ కూర్చుంటే తయారీ ఎప్పుడు మొదలుపెడతారు. అసలు రాసే పనిని అంత చులకన చేయకండి. జడ్జి చేతికి వెళ్ళేది కాగితమే. ఎంతో బాగా టైట్రేట్ చేసి 24.3 అని రాసి మార్కు పోగొట్టుకున్న టీములు నాకు తెలుసు. 24.30 అని రాయాలి. అది తెలిసినవాళ్ళు పక్కనుండాలి.

లెక్కలపురుగు:
బ్యూరెట్ మీద గీతలు 0.1 మి.లీ.కి ఒకటి. రెండో దశాంశం ఎక్కడినుంచి పుట్టింది?

బ్యూరెట్‌బాబాయ్:
రెండు గీతల మధ్య ఎక్కడుందో అంచనా వేస్తారు బాబూ.

లెక్కలపురుగు:
అంచనానే అయితే 24.37 అని కూడా రాయొచ్చన్నమాట. మరి దానికెందుకు మార్కు కోస్తారు?

బ్యూరెట్‌బాబాయ్:
24.37 ఎవరు రాయమన్నారు? 24.35 రాయాలి. గీత మీద ఉంటే 0, మధ్యలో ఉంటే 5.

లెక్కలపురుగు:
ఎవరు పెట్టారు ఈ రూలు? నా కంటికి గీతల మధ్య ఐదో వంతు కూడా తెలుస్తుంది. మరి నేను కావాలని తప్పు రాయాలా?

పరీక్షనాళిక:
మామూలు బ్యూరెట్‌లో ఒక చుక్క ఇంచుమించు 0.05 మి.లీ. ఉంటుంది, అందుకే చాలా చోట్ల 0.05కి దగ్గరగా రాయమంటారు. ఇంకొన్ని చోట్ల మీరన్నట్టు 0.02 వరకూ ఒప్పుకుంటారు. మీ పోటీ సూచనల్లో ఏముంటే అది. దానికన్నా ముందు కంటిని ద్రవం అంచుకి సమానంగా పెట్టండి, పైనుంచో కిందనుంచో చూస్తే వచ్చే తప్పు దీనికన్నా పెద్దది. మామూలు ద్రావణానికి వంపు అడుగు చూడాలి, పర్మాంగనేట్ లాంటి ముదురు రంగుకి పై అంచు. రెండు రీడింగులు 0.1 మి.లీ. లోపు కలిసేదాకా మళ్ళీ చేయండి.

నీలిలిట్మస్:
రెండో దశాంశం కోసం పూటంతా కొట్టుకున్నారు, అడిగిన పిల్ల అక్కడే నిలబడింది. బాబాయ్ గారూ, ఒకటి అడుగుతా, సూటిగా చెప్పండి. మీ టీముల్లో రాసే పని ఎవరికి ఇస్తారు?

బ్యూరెట్‌బాబాయ్:
చేతిరాత బాగున్నవాళ్ళకి. ఇందులో ఏముంది?

నీలిలిట్మస్:
అంటే ఎక్కువగా అమ్మాయిలకి.

బ్యూరెట్‌బాబాయ్:
నేను ఆ మాట అనలేదు. ధైర్యంగా పట్టుకునేవాళ్ళకి గ్లాస్‌వేర్, శుభ్రంగా రాసేవాళ్ళకి కాగితం. ప్రతిదాన్నీ అటు లాక్కెళ్ళకండి.

నీలిలిట్మస్:
లాక్కెళ్తాను, ఎందుకంటే ఆ "శుభ్రంగా రాసే" పిల్లని నేనే. స్కూల్లో ఉన్నన్నాళ్ళూ ల్యాబ్ రౌండ్ అంటే నాకు పెన్ను, నా పార్ట్‌నర్‌కి పిపెట్. ధైర్యం లేదని ముందే తేల్చేశారు. పట్టుకోనిస్తే కదా ధైర్యం వచ్చేది! టీమ్ పోటీలో ఇది దాగిపోతుంది. అంతర్జాతీయ జూనియర్ సైన్స్ ఒలింపియాడ్‌లో ప్రయోగాలు ముగ్గురు కలిసి చేస్తారు, సరే. అదే పెద్దయ్యాక కెమిస్ట్రీ ఒలింపియాడ్‌కి వెళ్ళాలంటే అక్కడ ఎవరికి వాళ్ళే, మార్కుల్లో 40 శాతం ప్రాక్టికల్‌వి. కాగితాలు మాత్రమే నింపిన పిల్ల అక్కడ ఏం చేస్తుంది? మీకు ఈ ఏడాది కప్పు వస్తుంది, ఆమెకి మాత్రం పెన్నే మిగులుతుంది.

గట్టుమీదకప్ప:
ఇప్పుడు మొదలైంది అసలు టైట్రేషన్.

బ్యూరెట్‌బాబాయ్:
కప్పు కోసమని ఎవరన్నారమ్మా? నా ల్యాబ్‌లో సరిగ్గా పనిచేసే బ్యూరెట్లు రెండే ఉన్నాయి. ఒకటి విరిగితే కొత్తది ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు, సంజాయిషీ మాత్రం నా దగ్గరే అడుగుతారు. ప్రతి పిల్లాడికీ, ప్రతి పిల్లకీ ఇచ్చి "నేర్చుకోండి" అనాలని నాకూ ఉంటుంది. ఒకసారి స్టాండ్‌కి బిగించకుండా వదిలేసి కింద పడేశారు. ఆ తర్వాత వారాల తరబడి ఒక్కదానితో నడిపించాను. అప్పటినుంచి చేయి స్థిరంగా ఉన్నవాళ్ళనే దగ్గరికి రానిస్తున్నా.

నీలిలిట్మస్:
ఇది చెప్పండి ముందే! కంటి తేడాలు, స్పీడ్, 24.30 అంటూ ఇంత సైన్స్ చెప్పారు, సమస్య గాజు విరుగుతుందనా? మీ ఇబ్బంది నాకు అర్థమైంది. అయినా దాని భారం పిల్లల్లో సగం మంది మీద పడటం నేను ఒప్పుకోను.

బ్యూరెట్‌బాబాయ్:
కంటి తేడా కూడా నిజమే. అది వెనక్కి తీసుకోను.

సందేహాలపుట్ట:
మా సార్ భయం కూడా అదే అనిపిస్తోంది, మా దగ్గరా గ్లాస్‌వేర్ తక్కువే. ఆయన్ని నొప్పించకుండా ఎలా అడగాలి? కెమికల్స్ కూడా ఎక్కువ వాడనివ్వరు.

పరీక్షనాళిక:
కెమికల్స్ అడగకు. నీళ్ళతో ప్రాక్టీస్ చేస్తామని అడుగు. బ్యూరెట్‌ని సార్ చేతే స్టాండ్‌కి బిగించమను, అక్కడినుంచి కదపం అని చెప్పు. ఎడమ చేత్తో స్టాప్‌కాక్ (బ్యూరెట్ కింది కుళాయి) తిప్పుతూ కుడి చేత్తో ఫ్లాస్క్ కలుపుతూ, ఒక్కొక్క చుక్క వదలడం వచ్చేదాకా చేయండి. 20 చుక్కలు వదిలి రీడింగ్ ఎంత మారిందో చూడండి, 1 మి.లీ. దరిదాపుల్లో ఉండాలి. పిపెట్ కూడా అంతే, 10 మి.లీ. నీళ్ళు తూకం వేస్తే 10 గ్రాములకి కాస్త తక్కువగా రావాలి. నోటితో పీల్చొద్దు, రబ్బరు బల్బు వాడండి. చివరి చుక్క ఊదొద్దు. ఒకరు చేస్తుంటే ఇంకొకరు రాయండి, తర్వాత మారండి.

లెక్కలపురుగు:
ఆ తూకం ఎన్ని దశాంశాలకి రాయాలి?

బ్యూరెట్‌బాబాయ్:
త్రాసు చూపించినన్ని. సందేహాలపుట్టా, నీళ్ళతో అయితే మీ సార్ కాదనరు. నేనైతే కాదనను. బిగించేటప్పుడు మాత్రం క్లాంప్‌కి రబ్బరు ఉందో లేదో చూసుకోండి.