జాంగో నుంచి ఏపీఐకి రిక్వెస్టు మళ్లీ పంపితే రెండు బుకింగులు పడుతున్నాయి

నమస్కారం. జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్)లో రాసిన ఆర్డర్ల అప్లికేషన్‌లో, వ్యూ (వచ్చిన రిక్వెస్టుకు జవాబు తయారుచేసే కోడ్) లోపలి నుంచే రిక్వెస్ట్స్ లైబ్రరీతో ఒక కొరియర్ సంస్థ ఏపీఐకి (వాళ్ల సర్వర్‌తో ప్రోగ్రాములు మాట్లాడే మార్గం) బుకింగు నమోదుచేసే పోస్ట్ రిక్వెస్టు పంపుతున్నాను. సాయంత్రం రద్దీ వేళ అటునుంచి జవాబు రాకపోవడంతో, జాంగోను నడిపే సర్వర్ గూనికార్న్ తన 30 సెకన్ల గడువు ముగియగానే ఆ వర్కర్‌ను (రిక్వెస్టును నడుపుతున్న ప్రాసెస్‌ను) ఆపేసేది. లాగ్‌లో ‘వర్కర్ టైమౌట్’ అన్న వరుస ఒక్కటే మిగిలేది. రిక్వెస్ట్స్ తనంతట తాను గడువేదీ పెట్టుకోదని ఆలస్యంగా తెలుసుకుని (తప్పు నాదే), టైమౌట్ 5 సెకన్లుగా ఇచ్చి, విఫలమైతే మళ్లీ పంపేలా మార్చాను. ఇప్పుడు మొదటి రిక్వెస్టు అవతల నమోదైపోయి జవాబు మాత్రమే ఆలస్యమైనప్పుడు, ఒకే పార్సిల్‌కు రెండు బుకింగులు పడుతున్నాయి. ఆ ఏపీఐ ఐడెంపొటెన్సీ కీని (ఒకే రిక్వెస్టు మళ్లీ వస్తే గుర్తుపట్టేందుకు దానితో పంపే ప్రత్యేక గుర్తును) స్వీకరించదు. పనిని సెలెరీకి (పనులను నేపథ్యంలో విడిగా నడిపే సాధనం) అప్పగించినా ఈ చిక్కు తీరదు కదా? మళ్లీ పంపేముందు ఆర్డరు సంఖ్యతో గెట్ రిక్వెస్టు పంపి బుకింగు ఇప్పటికే పడిందేమో చూసుకోవడం కంటే నమ్మదగిన మార్గం ఉంటే, అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.